మందుల మీద ఆంక్షలు లేవు

కిందటివారం దామోదర్‌ని మనం గరాజ్‌లో వదిలిపెట్టాం. ఆదివారం మధ్యాహ్నం, అమెరికాలో వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లోని ఇంట్లో కూతురు వేద, అల్లుడు కావే భోజనానికి వచ్చి కూర్చున్నారు. పెరుగు తెస్తానని బయటికెళ్లిన దామోదర్ తిరిగొచ్చి కూడా, ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కారులోంచి దిగలేకుండా ఉన్నాడు. శుక్రవారం ఆఫీసులో తెలిసిన సంగతి అలాంటిది మరి. కావేది ఇరాన్. వాళ్ల అక్క పరీసా ఇప్పటికీ అక్కడే, షీరాజ్ అనే ఊళ్లో ఉంటుంది. ఆమె కూతురు నీలూఫర్‌కి తలసీమియా. అలాంటి పిల్లలకు మందు పంపించే డాక్టర్ల ట్రస్టు ఒకటి మేరీలాండ్‌లో ఉంటే, ఏదో బ్యాంకు దాని ఖాతా మూసేసి, దారిలో ఉన్న డబ్బును వెనక్కి తిప్పేసింది. ఆ బ్యాంకును కావే నెలల తరబడి తిట్టుకుంటున్నాడు. అది తను పనిచేసే బ్యాంకేనని, మూసెయ్యమన్నది తానేనని దామోదర్‌కి తెలిసి రెండు రోజులైంది. ఇంకెవరికీ తెలియదు.

తెలియదనే అనుకుంటున్నాడు.

“ఏమండీ!” ఇంట్లోంచి గరాజ్‌లోకి ఉన్న తలుపు తెరుచుకుంది. రేణు గరిటె చేత్తోనే వచ్చింది. “పెరుగు కోసం వెళ్లి ఇంతసేపా? పిల్లలు ఆకలితో కూర్చున్నారు.”

“వస్తున్నా.”

“మొహమేంటి అలా పీక్కుపోయింది? ఒంట్లో బాగాలేదా?”

“ఏం లేదు. ట్రాఫిక్.”

“ఆదివారం పూట ట్రాఫిక్కా?” అంది రేణు. నమ్మలేదు. కానీ లోపల అల్లుడున్నాడు, ఇప్పుడు తగవెందుకని ఊరుకుంది.

దామోదర్ పెరుగు డబ్బా పట్టుకుని కారు దిగాడు.

ఆయన ఉద్యోగం గురించి తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏ డబ్బు ఏ దేశం వైపు పోతోందో కనిపెట్టి, పోకూడనిదాన్ని ఆపడం. అమెరికా ఆంక్షలు పెట్టిన దేశాలవైపు తన బ్యాంకు నుంచి ఒక్క డాలర్ కూడా జారిపోకుండా చూసే విభాగానికి ఆయన పెద్ద. ప్రోగ్రామర్‌గా వచ్చి, పేర్లు సరిపోల్చే సాఫ్ట్‌వేర్ రాసి, ఒక్కో మెట్టూ ఎక్కి అక్కడికి చేరాడు. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసిన ఏళ్లలో ఒక భయం ఆయన ఒంట్లో ఇంకిపోయింది. తప్పు చేస్తే పంపించేస్తారు. పౌరసత్వం చేతికొచ్చాక కూడా అది పోలేదు. పైపెచ్చు దానికో గౌరవమైన పేరు వచ్చింది. జాగ్రత్త అన్నారు దాన్ని. ఆ జాగ్రత్తకే ప్రమోషన్లు ఇచ్చారు.

భోజనాల బల్ల దగ్గర కావే అప్పటికే గుత్తివంకాయ కలుపుకుంటున్నాడు. హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాడతను. పన్నెండేళ్ల వయసులో తల్లితో ఈ దేశం వచ్చాడు. అప్పటికే పెళ్లయిన అక్క అక్కడే ఉండిపోయింది. అత్తగారింట్లో చేత్తోనే తింటాడు, తినడం రాకపోయినా. మామగారిని చూడగానే సగం లేచి నిలబడ్డాడు.

“మావయ్యగారూ, రండి, రండి. మీకోసమే ఆగాను. అబద్ధం. ఆగలేదు.”

ఆ రెండు ముక్కలూ తెలుగులో అన్నాడు. ఆ తర్వాత అతను మాట్లాడిందంతా ఇంగ్లీషే. మనం తెలుగులో చెప్పుకుందాం.

“మంచి వార్త ఉంది. ట్రస్టుకి ఇంకో బ్యాంకు దొరికింది. ఒహాయోలో, చిన్నది. వాళ్లు అంతా చూశారట, ఒప్పుకునేలానే ఉన్నారట. రేపు చెబుతామన్నారు.”

“అబ్బ, నీ నోట్లో చక్కెర పొయ్య!” అంది రేణు. అతనికి అర్థం కాలేదు, అయినా నవ్వాడు.

వేద నవ్వలేదు. తలొంచుకుని తింటోంది. పిల్లల ఆసుపత్రిలో నర్సు. నిన్న డ్యూటీ ఉందేమో, అలిసిపోయిందేమో అనుకున్నాడు దామోదర్.

“మీరు ఒక సాయం చెయ్యాలి,” అన్నాడు కావే. “మొదట కాదన్న బ్యాంకు ఉంది చూశారా, అది ఇక్కడే, వర్జీనియాలోనేనట. లాయర్ వద్దన్నాడని ట్రస్టు నడిపే డాక్టర్ గారు నాకు పేరు చెప్పట్లేదు. మీరు అడిగితే చెబుతారు. ఆ బ్యాంకువాళ్లు ట్రస్టు మీద మాకేమీ అనుమానం లేదని ఒక్క మాట అంటే చాలు, ఒహాయోవాళ్లకి ధైర్యం వస్తుంది. నేను మాట్లాడితే నా పేరు విని ఫోన్ పెట్టేస్తారు. మీకు ఆ మనుషులు తెలుసు. వాళ్లలో మీలాంటివాడు ఒక్కడున్నా ఇది జరిగేది కాదని నేను వేదతో అంటూనే ఉంటాను.”

దామోదర్ గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. చెప్పడానికి అదే సమయం. అది ఆయనకీ తెలుసు. నోరు తెరిచాడు కూడా.

“చూస్తాను,” అన్నాడు. “ఎవరికైనా కాల్ చేసి కనుక్కుంటాను.”

వేద చెయ్యి కంచంలో ఆగిపోయింది. తలెత్తి తండ్రిని చూసింది. ఆ చూపు ఆయనకు అప్పుడు అర్థం కాలేదు.

*

భోజనాలు పూర్తికాకుండానే షీరాజ్ నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ రాత్రి భోజనాల వేళ. కావే ఫోన్‌ని నీళ్ల జగ్గుకి ఆనించి నిలబెట్టాడు. ఆసుపత్రి గది, ఆకుపచ్చ గోడ, మంచం మీద తలగడలకి ఆనుకుని నీలూఫర్. ఆ పిల్లకి పద్నాలుగేళ్లు. చూడ్డానికి తొమ్మిదేళ్లదానిలా ఉంటుంది.

తలసీమియా పిల్లలకి నెలనెలా వేరేవాళ్ల రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లోంచి బయటికి పోదు. కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది, ఎదుగుదలని ఆపేస్తుంది. ఆ ఇనుమును బయటికి లాగే మందు రోజూ పడుతుంటే ఆ పిల్లలు చదువుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, ముసలివాళ్లవుతారు. మందు ఆగితే ఇనుము తన పని తాను చేసుకుపోతుంది. నీలూఫర్‌కి స్థానికంగా దొరికే రకం పడలేదు, ఒళ్లంతా దద్దుర్లు లేచి జ్వరం వచ్చింది. యూరప్‌లో తయారయ్యేదే పడుతుంది. అది ట్రస్టు పంపేది.

“మీరేనా పెళ్లిలో డాన్స్ చేసింది?” నీలూఫర్ వచ్చీరాని ఇంగ్లీషులో దామోదర్‌ని అడిగింది.

“నేనే.”

“వీడియో చూశాను. చాలా ఘోరంగా చేశారు.”

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. దామోదర్ కూడా నవ్వాడు. రెండు రోజుల తర్వాత నవ్వడం, మొహం కండరాలు నొప్పెట్టాయి. ఆ పిల్ల ఇంకా ఏదో చెప్పబోయి, ఆయాసం వచ్చి ఆగింది. పక్కింట్లో ఉండే బాబాయి కూతురి మీద కంప్లైంట్ అది. తనకన్నా మూడేళ్లు చిన్నదైన ఆ పిల్ల పాదాలు పెద్దవైపోయి, ఇక పట్టని తన బూట్లు నీలూఫర్‌కి ఇచ్చేసిందట. “నాకు కొత్తవి కొనక్కర్లేదు, ఎప్పటికీ,” అంది నీలూఫర్. అందులో జాలి పుట్టించాలనే ఉద్దేశం ఏమీ లేదు. ఒట్టి చిరాకు.

“కాళ్లు చూపించు, నీలూ,” అంది వేద.

పరీసా దుప్పటి తీసింది. చీలమండలు కనపడటం లేదు. మోకాళ్ల కింద నుంచి ఉబ్బి, చర్మం మెరుస్తోంది.

“బొటనవేలితో నొక్కండి. ఎముక మీద. గట్టిగా.”

పరీసా నొక్కి వేలు తీసింది. నానిన పిండిలో వేలు దిగినట్టు గుంట పడింది. అందరూ ఆ గుంట పూడుతుందని చూశారు. అది పూడలేదు. వేద దుప్పటి కప్పెయ్యమంది.

పిల్ల అలిసిపోయిందని పరీసా ఫోన్ తీసుకుని నడవాలోకి వచ్చింది. ఫార్సీలో గబగబా చెప్పడం మొదలుపెట్టింది. కావే ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. బజారులో మందు సీసాలు దొరికాయట. డాక్టర్ చూసి, అవి మందు కాదు, ఉప్పునీళ్లన్నారట. ఎవరో ఖాళీ సీసాలు ఏరుకుని మళ్లీ నింపారు. ఆసుపత్రిలో మిగిలిన కొద్ది మందునీ పిల్లలకి వంతులేసి ఇస్తున్నారు. ఈ వారం నీలూఫర్ వంతు కాదు.

“ఇక్కడివాళ్లు అంతా అమెరికా చేసిందంటారు,” అంది పరీసా. “అమెరికావాళ్లు అంతా మా ప్రభుత్వం చేసిందంటారు. మా పెద్దమనుషుల పిల్లలకి మందు దొరక్కుండా పోయిన రోజు నేను చూడలేదు. మీ పెద్దమనుషుల పిల్లలకీ పోదు. ఇద్దరూ పంతం పట్టారు, బాగానే ఉంది. ఆ పంతం నా పిల్ల కాళ్లల్లోకి ఎందుకు దిగాలి?”

తర్వాత ఆమె ఇంకేదో చెప్పింది. కావే అనువాదం ఆపేశాడు.

“ఏమంది?” అడిగింది వేద.

అతను చెప్పాడు. “వసంతకాలంలో మందు ఆగకుండా ఉంటే గుండె దాకా వచ్చేది కాదన్నారట డాక్టర్. ఇప్పుడు మందు వచ్చినా గుండె ఎంతవరకు తేరుకుంటుందో చెప్పలేనన్నారట.” వెంటనే మళ్లీ తనే అందుకున్నాడు. “కానీ వస్తుంది. రేపు ఒహాయోవాళ్లు ఔనంటే, నెలలోపల వస్తుంది.”

ఫోన్ ఆగిపోయాక రేణు కళ్లు తుడుచుకుంది. “దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు, మందు పంపొచ్చని గవర్నమెంటే చెబుతుంటే మధ్యలో ఈ బ్యాంకుల పెత్తనమేమిటండీ?” అంది భర్తతో. “మీరు రేపు వెళ్లి వాళ్లని నాలుగు దులపండి.”

వసంతకాలం. మార్చి. ఖాతా మూసెయ్యమని తను సంతకం పెట్టిన నెల. దామోదర్ లేచి ఇంటి వెనక చెక్కలతో కట్టిన డెక్ మీదికి వెళ్లాడు.

*

అక్టోబరు ఎండ. పక్కింటాయన ఎండుటాకులు ఊడ్చి గోతాల్లోకి ఎత్తుతున్నాడు. చెట్ల వరసకి అవతల కిటికీల్లేని డేటా సెంటర్లు నిలబడి ఉన్నాయి. పగలనక రాత్రనక వాటి హోరు ఆ పేటలో ఎప్పుడూ ఉండేదే. కొన్నాళ్లకి వినిపించడం మానేస్తుంది. ఆ రోజు వినిపించింది.

వెనకాల గాజు తలుపు జరిగింది. వేద వచ్చి, తలుపు మళ్లీ జాగ్రత్తగా మూసింది.

“నాన్నా, నువ్వు ఎవరికి కాల్ చేస్తావు?”

“ఏంటమ్మా?”

“కావేకి చెప్పావు కదా, ఎవరికైనా కాల్ చేస్తాను అని. ఎవరికి? నీకు నువ్వే కాల్ చేసుకుంటావా?”

దామోదర్ రెయిలింగ్ పట్టుకున్నాడు. కూతురి తెలుగు ఎప్పుడూ కాస్త మొండిగానే ఉంటుంది, మాటల చివర్లు అరిగిపోయి. ఇన్నాళ్లూ అది ఆయనకు ముద్దు.

“నీకెలా తెలుసు?”

“ట్రస్ట్ డాక్టర్ లతీఫీ చెప్పింది, లాస్ట్ వీక్. నేను నర్స్ కదా, మెడిసిన్ గురించి నాతోనే మాట్లాడుతుంది. బ్యాంక్ పేరు చెప్పింది. డిపార్ట్‌మెంట్ పేరు చెప్పింది. కావేకి చెప్పొద్దు అని నేనే అడిగాను.” ఆమె గొంతు పెంచలేదు. “టేబుల్ దగ్గర నీకు ఛాన్స్ ఇచ్చాను, నాన్నా. నువ్వు చెప్తావు అనుకున్నా. నిజంగా అనుకున్నా.”

“నాకూ మొన్న శుక్రవారమే తెలిసింది, తల్లీ. ఆ ట్రస్టు, ఈ ట్రస్టు ఒకటేనని.”

“క్లోజ్ చేసినప్పుడు తెలియదా?”

“పేరు చూశాను. ఇరాన్ అని చూశాను. ఎవరికోసమో చూడలేదు.”

“ఎందుకు చూడలేదు?”

ఆయన దగ్గర ఉన్న జవాబు బయటికి చెప్పదగ్గది కాదు. అలాంటివి రోజుకి ఎన్నో వస్తాయి. ప్రతిదాని వెనకా మనుషుల్ని చూస్తూ కూర్చుంటే ఆ కుర్చీలో కూర్చోలేడు.

“అది ఇల్లీగలా, నాన్నా? మెడిసిన్ పంపడం?”

“కాదు. మందులకి గవర్నమెంటు లైసెన్స్ ఉంది. పంపొచ్చు.”

“మరి?”

“పంపొచ్చు. పంపితీరాలని ఏ రూలూ లేదు.” తన గొంతు తనకే ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడినట్టు వినిపించింది. “రేపు అందులో ఒక్క డాలర్ పక్కదారి పట్టిందనుకో. బ్యాంకు మీద ఫైను, పేపర్లో పేరు, నాకింద పనిచేసేవాళ్ల ఉద్యోగాలు. అందులో సగంమంది వీసా పిల్లలు. ఔనంటే నా మెడకి చుట్టుకుంటుంది. వద్దంటే ఏమీ కాదు. ఇన్నేళ్లలో ఎందుకు వద్దన్నావని నన్నెవరూ అడగలేదు, వేదా.”

“నేను అడుగుతున్నా.”

పక్కింటాయన గోతం మూతి కట్టి, వీళ్లవైపు చెయ్యి ఊపాడు. దామోదర్ అలవాటుగా తిరిగి ఊపాడు. అలా ఊపినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

“ఎంగేజ్‌మెంట్ రోజు కావే వాళ్ల అమ్మ నీ జాబ్ గురించి అడిగింది. గుర్తుందా? నువ్వేం చెప్పావు?”

గుర్తుంది. ఆవిడ నవ్వుతూనే, కొంచెం బెరుకుగా అడిగింది. మీరు మా దేశానికి వెళ్లేవన్నీ ఆపేస్తారట కదా అని. దామోదర్ ఆవిడ చేతిలో స్వీటు పెట్టి, ధీమాగా చెప్పాడు. మందుల మీద, తిండి మీద ఆంక్షలు లేవండీ. ఈ దేశం అలాంటిది కాదు. ఆవిడ నమ్మింది. అప్పుడు ఆయనా నమ్మే చెప్పాడు.

“సరే,” అంది వేద. “ఫిక్స్ చెయ్యి.”

“అంత సులువు కాదమ్మా. ఇప్పుడు నాకు తెలిసిపోయింది కదా, మన బంధువుల పిల్ల అని. తెలిశాక నేను ఆ ఫైల్ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తప్పు.”

వేద ఆయన వైపు తిరిగింది. ఆ చూపులో కోపం కూడా లేదు. కోపమే నయమనిపించింది దామోదర్‌కి.

“తెలియనప్పుడు చూడలేదు. తెలిసాక టచ్ చెయ్యకూడదు. మరి ఎప్పుడు, నాన్నా?”

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. స్మృతి పేరు వెతికాడు. ఆయన తర్వాత ఆ విభాగంలో పెద్దది ఆమే. వరంగల్లు పిల్ల, మాస్టర్స్ కోసం వచ్చి, చదువు కాగానే ఆయన దగ్గరే చేరింది. పని నేర్పింది ఆయనే.

“స్పీకర్‌లో పెట్టు,” అంది వేద.

ఆఫీసు మాట ఇంట్లో ఎత్తని మనిషి. భార్య ముందు కూడా ఒక కస్టమర్ పేరు పలకని మనిషి. స్పీకర్‌లో పెట్టాడు.

“సర్, నమస్తే. సండే ఫోన్ చేసిండ్రు, అంతా మంచిదేనా?”

“ఆఁ... స్మృతీ, ఆ డాక్టర్ల ట్రస్టు ఉంది కదా. మేరీలాండ్‌ది.”

“మార్చ్‌ల మీరు క్లోజ్ చేయించిండ్రు, అదేనా?”

“అదే. మళ్లీ చూడొచ్చా అని.”

“కమిటీకి పోవాలె సర్. కొత్తగ ఏం మారిందని అడుగుతరు. ఏం జెప్పాలె?”

“మందులకి లైసెన్స్ ఉందని చెప్పు.”

“అప్పుడు గూడ ఉండె గద సర్.” ఆమె మెల్లిగా, నొప్పించకుండా చెప్పాలని చూస్తోంది. “నేను ఓకే చేద్దామనే పెట్టిన. మీకు యాదున్నదో లేదో. మీరే పిలిచి చెప్పిండ్రు, ‘లైసెన్స్ మనల్ని కాపాడదమ్మా, వద్దన్న మాటే కాపాడుతుంది’ అని. అప్పటిసంది కొత్తగ చేరినోళ్లకు నేనూ గదే చెప్తున్న.”

దామోదర్ కళ్లు మూసుకున్నాడు. ఆ మాట అన్న గుర్తు కూడా లేదు ఆయనకి. అలాంటి మాటలు ఎన్ని అని ఉంటాడో. అవన్నీ ఇప్పుడు ఎంతమంది నోళ్లలో తిరుగుతున్నాయో.

“ఒహాయోలో ఇంకో బ్యాంకు వాళ్లకి ఖాతా ఇవ్వబోతోందట,” అన్నాడు. “కనీసం అక్కడ...”

“ఆ బ్యాంకా? మొన్న శుక్రవారం మనల్ని అడిగిండ్రు సర్, ఎందుకు మూసిండ్రని. రోజూ పంపే జవాబే పోయింది, రిస్క్ వల్ల అని. సాయంత్రమే వాళ్ల కాడికెల్లి తిరిగొచ్చింది, థాంక్స్, మేం గూడ తీసుకుంటలేమని. మనంత పెద్ద బ్యాంకు వద్దన్నంక వాళ్లకెందుకు సర్ ఆ తలనొప్పి? ఇగ ఎవ్వరు తియ్యరు.”

గాజు తలుపు అవతల కావే బల్ల మీది గిన్నెలు తీస్తూ రేణుకి ఏదో వివరిస్తున్నాడు. చేతులు తిప్పుతూ, ఉత్సాహంగా. రేపటి గురించే అయి ఉంటుంది. రేణు తలూపుతోంది. వేద ఆ వైపు చూసి, చూడలేనట్టు ముఖం తిప్పుకుంది. ఆ ఇంట్లో ఇద్దరికి తెలిసింది, ఇద్దరికి తెలియదు. చెప్పేదెవరు?

ఇక ఏమీ మిగల్లేదనుకున్నాడు దామోదర్. ఒక చిన్న సంతకం. మధ్యాహ్నం కాఫీకి ముందో తర్వాతో చేసి ఉంటాడు. అది ఊరూరా తిరిగి, ఒక్కో తలుపూ మూసుకుంటూ పోయింది. ఇప్పుడు తనే వెళ్లి తట్టినా తెరిచేవాళ్లు లేరు. కింది నుంచి పైదాకా అందరికీ తలుపెలా మూయాలో నేర్పింది తనే కదా.

“సరే, స్మృతీ. ఉంటాను.”

“సర్, ఒక్క నిమిషం. ఇంకో ముచ్చట ఉన్నది.” ఆమె గొంతు తగ్గింది. “రేపు ఆఫీస్‌ల చెప్దామనుకున్న. మీరే చేసిండ్రు గాబట్టి చెప్తున్న. శుక్రవారం ఇంటికి పోయే ముందు ఒక అలర్ట్ వచ్చింది. పర్సనల్ అకౌంట్ మీద. ఇస్తాంబుల్‌ల ఒక మనీ ఎక్స్‌ఛేంజ్‌కి ట్రాన్స్‌ఫర్లు పోయినయి. ఆ ఎక్స్‌ఛేంజ్ మీకు ఎరుకే. ఇరాన్‌కి పైసలు దాటిస్తదని మనం ఎప్పటిసందో కన్నేసి పెట్టినం.”

“ఊఁ.”

“ఆ అకౌంట్... ఇంటిపేరు మీదే సర్. హైస్కూల్ల ఉన్నప్పుడు మీతోని జాయింట్‌గ తెరిచిన అకౌంట్. వేద అని ఉన్నది.”

ఆకుల గోతాన్ని పక్కింటాయన రోడ్డువైపు ఈడ్చుకుపోతున్నాడు. ఆ రాపిడి తప్ప ఇంకేమీ వినపడలేదు దామోదర్‌కి.

“నేనింక దానిమీద కేసు తెరవలే సర్. రేపు పొద్దుగాల తెరవాలె. తెరిస్తే పైకి రిపోర్ట్ పోతది, ఆమె పేరు మీద. తెరవకుంటే నా ఉద్యోగం పోతది, ఉద్యోగంతోని వీసా పోతది. మా ఆయనది గూడ నామీదనే ఉన్నది. మీరు నాకు తండ్రసొంటోళ్లు. ఏం జెయ్యమంటరో చెప్పుండ్రి.”

ఆ విభాగంలో అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. ఎవరి మీద అనుమానం వచ్చిందో ఆ మనిషికి ఆ సంగతి చెవినపడకూడదు. పడేలా చేస్తే అది ఉద్యోగం పోయే తప్పు కాదు, జైలుకెళ్లే నేరం. దామోదర్ బొటనవేలు స్పీకర్ గుర్తు వైపు జరిగింది.

వేద ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా. నర్సులు మారాం చేసే పిల్లల చేతులు పట్టుకునే పద్ధతిలో. ఫోన్ వైపు వంగింది.

“వద్దమ్మా,” అన్నాడు దామోదర్, చప్పుడు కాకుండా, పెదాలతో.

“పంపింది నేనే,” అంది వేద, స్పష్టంగా, మాట మాటా విడదీసి. “మెడిసిన్ కోసం. కావేకి కూడా తెలియదు. మళ్లీ పంపుతా.”

ఫోన్‌లో ఊపిరి తీసుకున్న చప్పుడు. మళ్లీ మాట్లాడినప్పుడు స్మృతి గొంతులో ఇందాకటి చనువు లేదు, వరంగల్లు లేదు. ఆయన నేర్పిన గొంతు అది, ఎదుటి మనిషి కస్టమర్ అయినప్పుడు మాట్లాడేది.

“సర్, మీ పక్కన ఎవరున్నారు?”